నాకంటే ముందు పాడిన గొంతు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు చిన్నప్పటినుంచీ చిరాకు. మాది రేపల్లెలో లూథరన్ క్రైస్తవ కుటుంబం. చీకట్లో పెరట్లోకి వెళ్లడానికి భయపడితే, అమ్మ ఏదో ఒక కీర్తన పాడుకుంటూ వెళ్లమనేది. అంతకుమించి మా ఇంట్లో ఆ విషయానికి చోటు లేదు. పెద్దయ్యాక బాపట్లలో హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పాను. క్లాసులో ఎవరైనా దయ్యం మాటెత్తితే, "నువ్వు చూశావా?" అని అడిగేదాన్ని. "లేదు టీచర్" అనేవాళ్లు. "అయితే కూర్చో" అనేదాన్ని.

నేనూ ఏమీ చూడలేదు. విన్నాను. నాతోపాటు ఇంకొందరు కూడా విన్నారు. వాళ్లలో అబద్ధం చెప్పేవాళ్లు లేరు.

ఇది తొంభైల మధ్యలో జరిగింది. నా తమ్ముడు ఎలీషా అప్పట్లో తెనాలిలో క్యాసెట్లు రికార్డు చేసే షాపులో పనిచేసేవాడు. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించేవాడు. మనిషి నెమ్మది, కానీ చెవి మాత్రం చాలా చురుకు. తిరిగే ఫ్యాను ఏ శ్రుతిలో ఉందో చెప్పేవాడు. షాపుకొచ్చిన క్యాసెట్టు కాస్త నెమ్మదిగా తిరుగుతుంటే, పాట మొదలవ్వగానే పట్టేసేవాడు. వాళ్ల ఓనరు కూడా ఆ విషయంలో వీడి మాటే వినేవాడు.

వాడికి మురళి అని ఒక స్నేహితుడు. తెనాలి పక్కన పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం వాళ్లది. మద్రాసులో చదువుకుని తిరిగొస్తూ, ఎవరో విదేశాలనుంచి తెచ్చిన క్యాసెట్లు కొన్ని, ఒక స్టూడియోవాళ్లు వదిలించుకున్న పాత నాలుగు ట్రాకుల రికార్డరు ఒకటి వెంట తెచ్చాడు. ఆ క్యాసెట్లలో సంగీతం వింతగా ఉండేది. డ్రమ్ము నిద్రమత్తులో నడిచినట్టు మెల్లగా సాగేది. వెనక గరగర, అరిగిపోయిన రికార్డు చప్పుడు, ఎక్కడో దూరంనుంచి ఒక ఆడగొంతు. దాన్ని ట్రిప్-హాప్ అంటారని చాలా ఏళ్ల తర్వాత మా మేనల్లుడు చెప్పాడు. అప్పుడు మాకెవరికీ పేరు తెలియదు. ఎలీషా మొదటిసారి విన్న రోజు అన్నం కలుపుకుని తినడం మర్చిపోయాడని మురళి నవ్వుతూ చెప్పేవాడు.

తర్వాతి శనివారం ఎలీషా బాపట్ల వచ్చి నాతో అన్నాడు, "మన దగ్గర ఇంతకంటే మంచి చప్పుళ్లున్నాయక్కా."

ఆ చప్పుళ్ల కోసం ఇద్దరూ చిన్న టేప్‌రికార్డరు పట్టుకుని తిరిగారు. చీరాలలో ఒక షెడ్డులో మరమగ్గాల మోత రికార్డు చేశారు. పెనుమూడి రేవులో పడవ మోటారు, సూర్యలంకలో సముద్రం, రేడియోలో స్టేషనుకీ స్టేషనుకీ మధ్య వచ్చే హోరు, అన్నీ పోగుచేశారు. మగ్గం మోతని సగం వేగానికి తగ్గించి దానిమీద డ్రమ్ము వేశారు. అది పెద్ద జంతువేదో నిద్రపోతూ ఊపిరి తీస్తున్నట్టు ఉండేది. ఆల్బమ్‌కి 'మరమగ్గం' అని పేరు కూడా పెట్టుకున్నారు.

పాడటానికి ఎలీషా నన్ను పిలిచాడు. చర్చి క్వయిరులో తప్ప నేను ఎక్కడా పాడలేదు. మా ఆయన, "వెళ్లిరా, తమ్ముడే కదా," అన్నారు. శనివారం ఒంటిపూట బడి అయ్యాక పాసింజరు ఎక్కి తెనాలి వెళ్లేదాన్ని. కాలవ దగ్గర మేడమీద ఎలీషా అద్దెకున్న గదిలోనే రికార్డింగు. కిటికీలకి దుప్పట్లు కట్టి, చప్పుడొస్తుందని ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ చేసేవాళ్లం.

"మాటలేవీ వద్దక్కా. ఊరికే రాగం తియ్యి," అన్నాడు.

"ఏ రాగంరా?"

"ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మగ్గం చప్పుడు వింటా ఉండు. నీకే వస్తది."

పెట్టుకున్నాను. కాసేపు మగ్గం మోత తప్ప ఏమీ లేదు. తర్వాత ఆ మోత అడుగున ఎవరో నోరు మూసుకుని కూనిరాగం తీస్తున్నట్టు వినిపించింది. పక్కగదిలో ఎవరో పని చేసుకుంటూ పాడుకుంటున్నట్టు ఉంది. మెల్లగా కిందికి దిగే వరస. ఎలీషా నాకు దారి చూపడానికి పెట్టాడనుకున్నాను. ఆ వరస పట్టుకుని వెనకే పాడుకుంటూ వెళ్లాను. నాకు చాలా తేలిగ్గా అనిపించింది.

అయ్యాక ఇయర్‌ఫోన్లు తీసి, "ట్యూను బాగుందిరా, ఎప్పుడు కట్టావు?" అన్నాను.

"ఏ ట్యూను?"

"ఆ మగ్గం వెనక పాడించావు కదా."

వాడు నవ్వాడు. "మగ్గం వెనక ఏం లేదక్కా. ట్యూను నువ్వే కట్టావు ఇప్పుడు."

వేళాకోళమనుకున్నాను. నాలుగు ట్రాకుల రికార్డరులో ఒక్కో చప్పుడూ విడిగా వినొచ్చు. నా గొంతు ఆపేసి మగ్గం ఒక్కటే వేయమన్నాను. వేశాడు. మోత అడుగున ఆ కూనిరాగం స్పష్టంగానే ఉంది. ఇయర్‌ఫోన్లు ఎలీషాకిచ్చాను. వాడు విని, ఏమీ వినపడనట్టు నా మొహంలోకి చూశాడు.

అప్పటిదాకా కిటికీ దగ్గర నిలబడ్డ మురళి వచ్చి ఇయర్‌ఫోన్లు తీసుకున్నాడు. కాసేపు విని మెల్లగా అన్నాడు, "అక్క చెప్పేది నిజమేరా. ఎవరో పాడుతున్నారు."

ఇద్దరం కలిసి ఏడిపిస్తున్నామనుకున్నాడు ఎలీషా.

నేను ఫిజిక్స్ టీచర్ని. కారణం ఉండే ఉంటుందనుకున్నాను. మగ్గం దగ్గర నేతపనివాళ్లెవరో పాడుకుని ఉంటారన్నది మొదటి అనుమానం. చీరాల వెళ్లి షెడ్డు యజమానిని అడిగితే, "మగ్గాలు తిరిగేటప్పుడు పక్కనోడు అరిచినా వినపడదండి," అన్నాడు. అదీకాక మేము టేపుని సగం వేగానికి తగ్గించాం. అందులో మనిషి గొంతుంటే అది కూడా సాగి, బండగా మారిపోవాలి. ఇది మామూలు మనిషి గొంతులాగే ఉంది.

పాత మెషీనులో ఏదైనా మిగిలిపోయిందేమో, రేడియో స్టేషను ఏదైనా కలుస్తోందేమో అని ఎలీషా షాపు ఓనరుకి చూపించాం. ఆయన హెడ్డు తుడిచి, వైర్లన్నీ మార్చి, కొత్త క్యాసెట్టు పెట్టి ఇచ్చాడు. ఆయనకీ వినపడింది. "రేడియో అయితే మధ్యలో మాటలొస్తాయి టీచరుగారూ. ఇది అట్టా లేదండి," అన్నాడు. సూర్యలంక సముద్రం ట్రాకు వేశాం. అలల కింద అదే గొంతు, వేరే వరస. పడవ మోటారు చప్పుడులోనూ ఉంది. ఆడగొంతో మగగొంతో మాత్రం తేలలేదు. నాకు ఆడమనిషిలా ఉండేది. మురళి మగవాడే అనేవాడు.

ఎలీషాకి ఒక్కసారి కూడా వినపడలేదు.

మాకు ఇది వింత. వాడికి మాత్రం అవమానంలా తగిలింది. ఊళ్లో అందరూ వాడి చెవిని నమ్మేవాళ్లు. ఇప్పుడు వాడు చేసిన సంగీతంలోనే అందరికీ వినపడేది వాడికి వినపడటంలేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుని గంటలకొద్దీ కూర్చునేవాడు. చెవుల్లో ఏదైనా లోపముందేమోనని గుంటూరు వెళ్లి డాక్టరుకి చూపించుకున్నాడు. చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయని పంపించారు.

"మీరు విన్నది నాకు కూడా పాడి వినిపించక్కా," అన్నాడొకసారి.

పాడాను. శ్రద్ధగా విన్నాడు. "బాగుంది," అన్నాడు. ఆ తర్వాత దాని గురించి అడగడం మానేశాడు. "ఉంటే ఉండనీలే. నువ్వు దాని వెనకాల బాగా పాడుతున్నావు కదా," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు వాడి మొహం ఎంత చిన్నబోయిందో నాకింకా గుర్తుంది.

అలాగే ఆల్బమ్ పూర్తయింది. ప్రతి పాటలోనూ నేను పాడిన వరస ఆ గొంతు వెనకాల నడిచిందే. నేను సొంతంగా ఒక్కటీ కట్టలేదు. అది ఒక ఊపిరంత ముందు వెళ్లేది, నేను వెనక వెళ్లేదాన్ని. నాకు భయమేసేది కాదు. శనివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేదాన్ని.

ఎలీషా మూడు కాపీలు తీశాడు. ఒకటి నాకు, ఒకటి మురళికి, ఒకటి రేపల్లెలో అమ్మకి. అమ్మ వినేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. పగటిపూట, వరండాలో చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ వింది. ఆమెకి మేమేమీ చెప్పలేదు. మొదటి పాట సగమయ్యేసరికి చేతులు ఆగిపోయాయి.

"నీతో పాడేదెవరే?" అంది.

"ఎవరిలా ఉందమ్మా?"

"ఏమో. మీ నాన్నయితే కాదు. ఆయనకి శ్రుతెక్కడిది?" నాన్న పోయి అప్పటికి కొన్నేళ్లయింది. అమ్మ ఇంకాసేపు విని, "ఎవరో గానీ, పాపం దుఃఖంలో ఉన్నట్టున్నారే," అని మళ్లీ కాయలు అందుకుంది.

క్యాసెట్టు పట్టుకుని ఎలీషా, మురళి ఇద్దరూ విజయవాడలో కంపెనీల చుట్టూ తిరిగారు. "మిషన్ల గోల తప్ప పాటేది బాబూ ఇందులో? భక్తిపాటలు చేసుకురండి, వేద్దాం," అన్నారట ఒకచోట. ఇంకోచోట వినకుండానే ఇచ్చేశారు. ఎలీషా నిరుత్సాహపడలేదు. "మన ఊళ్లకి ఇది వినడం రావాలంటే ఇంకా టైం పడుతుందక్కా," అనేవాడు. రెండో ఆల్బమ్ కోసం వేమూరు దగ్గర రైసుమిల్లు చప్పుడు రికార్డు చేసుకొచ్చాడు కూడా.

ఆ ఎండాకాలం వాడికి కామెర్లొచ్చాయి. మా వైపు అందరూ చేసేదే మేమూ చేశాం. పసరుమందు పోయించాం, పత్యం పెట్టాం, తగ్గిపోతుందనుకున్నాం. తగ్గినట్టే కనిపించింది కూడా. ఉన్నట్టుండి ముదిరింది. గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైందన్నారు. అంతకుముందే తీసుకెళ్లి ఉంటే అన్న ఆలోచన నన్ను, అమ్మని, మురళిని ఎవరికి వాళ్లని విడివిడిగా తొలిచేసింది. ఒకరితో ఒకరం ఎప్పుడూ అనుకోలేదు.

ఒకరోజు పొద్దున నేను వాడి మంచం దగ్గర ఉన్నాను. వార్డు నిండా ఎండ పడుతోంది. చుట్టూ జనం, క్యారేజీల చప్పుడు, ఎవరో పసిపిల్ల ఏడుపు. ఎలీషా కళ్లు పచ్చగా ఉన్నాయి గానీ తెలివిగానే ఉన్నాడు. కాసిని బార్లీనీళ్లు తాగించాను. గ్లాసు పక్కన పెట్టి మూతి తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, వినపడింది."

"ఏంట్రా?"

"మీరు చెప్పేది. ఇప్పుడు వినపడతా ఉంది." మొహం విప్పారింది. వాడు అంత సంతోషంగా ఉండగా చూసి చాలా రోజులైంది. "నువ్వన్నట్టే. కొంచెం కింద శ్రుతి. ఇన్నాళ్లూ ఎట్టా వినపడలేదో. తెలిసిన గొంతే కదక్కా!"

అప్పుడే నర్సు ఇంజెక్షను తీసుకొచ్చి నన్ను లేవమంది. నేను లేచి పక్కకి జరిగాను. ఆ తర్వాత వాడికి మగత కమ్మింది. తెలిసిన గొంతా, ఎవరిదిరా అని సాయంత్రం అడుగుదాంలే అనుకున్నాను. సాయంత్రానికి వాడికి మాట పడిపోయింది. మళ్లీ రాలేదు.

డాక్టరుగారు నాకు ఓపిగ్గానే చెప్పారు. కాలేయం పాడైనప్పుడు ఆ విషం మెదడుకెక్కుతుందని, లేనివి కనిపిస్తాయని, వినిపిస్తాయని. ఆ మాట నేను నమ్మాను. ఇప్పటికీ కాదనను. కానీ మాకెవరికీ కాలేయం పాడవలేదు, మేమూ విన్నాం. ఆ ఒక్క ప్రశ్న అప్పటికప్పుడు అడిగి ఉంటే వాడు నోటితో ఒక పేరు చెప్పేవాడు. ఆ పేరు తప్పో ఒప్పో, నా దగ్గర ఏదో ఒకటి ఉండేది. ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

వాడిని రేపల్లెలో సమాధి చేశాం. క్వయిరు పాడుతుంటే నేను కీర్తనల పుస్తకం మూసి పట్టుకుని నిలబడ్డాను. ఆ తర్వాత నేను ఆదివారాలు చర్చికి వెళ్లినా వెనక బెంచీలో కూర్చోవడమే. పాడమని ఎవరూ బలవంతపెట్టలేదు.

కొన్ని నెలలపాటు ఆ క్యాసెట్టు ముట్టుకోలేకపోయాను. వానాకాలం వెళ్లాక మురళి బాపట్ల వచ్చాడు. ఎలీషా పేరుమీద సొంతంగానైనా ఆల్బమ్ బయటికి తేవాలని వాడి పట్టుదల. టేప్‌రికార్డరులో క్యాసెట్టు పెట్టాడు. నేను, మా ఆయన, మురళి ముగ్గురం కూర్చున్నాం.

మగ్గం మొదలైంది. డ్రమ్ము వచ్చింది. నా గొంతు వచ్చింది.

ఆ గొంతు లేదు.

మొదట ఎవరికి వాళ్లం నాకే వినపడటంలేదేమో అనుకుని ఉంటాం. రెండో పాట అయ్యాక మా ఆయన, "అప్పుడు వెనకాల ఇంకెవరో పాడేవాళ్లు కదా?" అన్నారు. మురళి మరుసటి వారం తన కాపీ తెచ్చాడు. అందులోనూ లేదు. తెనాలి గదిలోనుంచి తెచ్చుకున్న నాలుగు ట్రాకుల రికార్డరు మీద అసలు టేపు పెట్టి, మగ్గం ఒక్కటే విడిగా వేశాం. మోత తప్ప ఏమీ లేదు. సముద్రం ట్రాకులో అలలే ఉన్నాయి. పడవ చప్పుడులో పడవే ఉంది.

రేపల్లె వెళ్లాను. అమ్మ తన క్యాసెట్టుని ఇనప్పెట్టెలో చీరల మడతల్లో దాచుకుంది, ఎలీషా పోయాక బయటికి తియ్యలేదు. వేసి విన్నాం. అమ్మ చివరిదాకా విని, చీరచెంగుతో కళ్లు ఒత్తుకుని, "నువ్వొక్కదానివే పాడుతున్నావేమే, అమ్మాయ్," అంది.

టేపు పాతబడితే శబ్దాలు చెరిగిపోవడం నాకు తెలుసు. కానీ పాతబడితే ముందుగా పోయేవి సన్నటి, పదునైన శబ్దాలు. మగ్గంలో ఇనుము కొట్టుకునే కీచుమోత చెక్కుచెదరకుండా ఉంది. రేడియో హోరు అలాగే ఉంది. అయినా ఏడాది కూడా నిండని క్యాసెట్లు మూడు, మూడు ఊళ్లలో, మూడు ఇళ్లలో ఉన్నవి, అన్నిట్లోనూ అదొక్కటే పోయి మిగతాదంతా ఎలా మిగులుతుంది? షాపు ఓనరు టేపుని వెలుతురులో పెట్టి అటూ ఇటూ చూసి, "చెరిపిన ఆనవాలు లేదండి. అసలు ఎప్పుడూ లేనట్టే ఉంది," అన్నాడు.

ఆ మాట విన్నాక మురళి ఆల్బమ్ బయటికి తెచ్చే ప్రయత్నం మానేశాడు. ఎలీషా చేసింది ఇది కాదు అన్నాడు. నిజానికి ఎలీషా విన్నది ఇదే. వాడు జీవితమంతా విన్నది ఈ ఒంటరి పాటే.

ఆ వరసలు గుర్తు తెచ్చుకుని నేనే పాడి కలుపుదామని ఒకసారి ప్రయత్నించాను. ఒకప్పుడు ఎలీషాకి పాడి వినిపించినదాన్నే. ఒక్క ముక్క కూడా నోటికి రాలేదు.

తర్వాత మురళి బాపట్లలోనే విత్తనాల వ్యాపారం పెట్టుకుని, పెళ్లి చేసుకున్నాడు. తొంభైల చివర్లో ఒక ఆదివారం మధ్యాహ్నం మమ్మల్ని భోజనానికి పిలిచాడు. భోజనాలయ్యాక తనే ఆ క్యాసెట్టు తీసి పెట్టాడు. వాడి భార్యకి ఇదంతా తెలియదు. ఎలీషా అని ఒక స్నేహితుడుండేవాడని, పోయాడని, అక్క పాడిందని మాత్రమే చెప్పాడట. ఆ అమ్మాయి కాఫీ గ్లాసులు అందరికీ ఇచ్చి, గుమ్మంలో కూర్చుని శ్రద్ధగా విన్నది.

"చాలా బాగా పాడారండి," అంది. తర్వాత మొహమాటంగా అడిగింది, "మధ్యమధ్యలో ఆగుతున్నారేంటి వదినగారూ? ఎవరన్నా అందుకుంటారనా?"

నేను అన్నేళ్లలో ఆ సంగతి గమనించనే లేదు. మళ్లీ విన్నాను. నిజమే. ప్రతి పాటలోనూ రెండు మూడు చోట్ల నా గొంతు ఆగి నిలబడుతోంది. ఆ జాగాలో మగ్గం తిరుగుతుంటుంది. తర్వాత, జవాబు విన్నట్టుగా, నేను మళ్లీ మొదలుపెడుతున్నాను.

మురళి తల దించుకున్నాడు. మా ఆయన గ్లాసు కింద పెట్టారు. ఆ పిల్ల నావైపే చూస్తోంది.

"ఊపిరి తీసుకోవడానికమ్మా," అన్నాను.

ఇప్పటికీ ఎవరైనా అడిగితే అదే చెప్తాను.